జడలో ఐదు వేసవులు

మస్తానమ్మ గుమ్మంలోకి రాగానే కాంచన చేతిలో ఉన్న కత్తెర బల్లమీద పెట్టేసింది. వచ్చినామె తలకు గంధం పూసుకుని ఉంది. వెనక భర్త తిరపతయ్య, అతని చెయ్యి పట్టుకుని పదేళ్ల కూతురు. ముగ్గురికీ గుండ్లే. మూడు గుండ్ల మీదా గంధమే.

"కొండకి పొయ్యొచ్చాం మేడం," అంటూ మస్తానమ్మ ప్రసాదం పొట్లం బల్లమీద పెట్టింది. "జాబితాలో మా పేరొచ్చింది గదా. ఇల్లొస్తే ముగ్గురం తలనీలాలిస్తామని మొక్కున్నాం. మొక్కు ఆపుకోగూడదంది మా అత్త."

"జడ ఏదమ్మా?"

"సామికిచ్చాం."

"మరి నేను దేన్ని చూడాలి?"

మస్తానమ్మ భర్త వంక తిరిగింది. తిరపతయ్య గుండు తడుముకున్నాడు.

"జాబితాలో పేరొస్తే ఇల్లొచ్చినట్టు గాదా మేడం?"

"అది పరీక్షకి పిలిచిన వాళ్ల జాబితా. జడ చూశాకే ఇల్లు. ఊరంతా మైకులో చెప్పించాం కదా?"

"మేం ఊళ్లో లేనప్పుడు చెప్పినట్టున్నారు," అన్నాడు తిరపతయ్య.

"నే వొద్దన్నా," అంది పిల్ల. "బళ్లో ఏడిపిస్తారని చెప్పా. ఎవురన్నా ఇంటేనా?"

తాళ్లవాగు మున్సిపాలిటీకి తాగునీరు ఒక్క చెరువు నుంచే వస్తుంది. కాలవ వదిలినప్పుడు చెరువు నింపుతారు. మళ్లీ కాలవ వచ్చేదాకా ఊరు ఆ నీళ్లే తాగాలి. ఎండలు ముదిరేకొద్దీ నీటిలో తేలికైన భాగం ఆవిరైపోయి బరువైనది మిగులుతుంది. తాగిన నీరు కొంత జుట్టులో చేరుతుంది. జుట్టు నెలకు వేలిగోరంత పెరుగుతుంది. ఒక్క వెంట్రుకను కుదురు నుంచి కొనదాకా లేజరు కింద నడిపించి, ఆ మనిషి ఏ నెలలో ఏ నీళ్లు తాగిందో గీత గీసి చూపించే యంత్రాన్ని కాంచన తయారుచేసింది. భూగర్భ జలశాఖలో ఉండగా, ట్యాంకర్ల వాళ్లు ఎవరి బోరు తోడుతున్నారో పట్టుకోవడానికి మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు ఆమె ప్రయోగశాల వాటర్ వర్క్స్ మేడమీద ఉంది. గోడ బీరువా నిండా సీసాలు. నెలనెలా చెరువులో పట్టిన నీళ్లవి. ప్రతి సీసా మీదా తేదీ, తాళ్లవాగు అన్న పేరు. ఆ సీసాల్లో నీళ్లే యంత్రానికి ఊరు.

హైవే అవతల పేదలకు ఇళ్లు కట్టడం పూర్తయ్యేసరికి కమిషనర్ విద్యాసాగర్ ఆమెను పిలిపించాడు. ఇళ్లు ఇవ్వాల్సింది ఐదేళ్లుగా ఊళ్లో ఉన్నవాళ్లకి. ఉన్నట్టు రుజువు అద్దె కాగితం. దరఖాస్తులతో వచ్చిన అద్దె కాగితాలన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయి. నిజంగా అద్దెకున్న వాళ్ల దగ్గర కాగితమే లేదు. పన్ను పడుతుందని ఇంటివాళ్లు రాసివ్వరు.

"కాగితాన్ని కొనొచ్చు. జుట్టునెట్టా కొంటారు?" అన్నాడు విద్యాసాగర్. "కేటాయింపు నిబంధనలు కొత్తగా రాద్దాం. మీరే రాయండి."

ఇల్లు ఎలాగూ ఆడమనిషి పేరునే ఇస్తారు. నడుముదాకా జడ ఉంటే ఐదేళ్ల నీళ్లు అందులో ఉంటాయి. వేసవిలో గీత గుట్టలా పైకి లేస్తుంది, చదువురాని వాళ్లు కూడా వేలుపెట్టి లెక్కపెట్టొచ్చు. అందుకని కాంచన 'ఐదు వేసవులు' అని రాసింది. కౌన్సిల్లో ఆ మాటకి బల్లలు చరిచారు. వేసవిలో ఆ చెరువు నీళ్లు తాగినవాడే ఈ ఊరోడని చైర్మన్ అన్నాడు.

యంత్రం ప్రారంభించిన రోజు మూడో వార్డు మెంబరు బత్తుల సువార్తమ్మ అందరికన్నా ముందు తన వెంట్రుక ఇచ్చింది. ఒక్క గుట్టా లేవలేదు. ఆమె ఇంట్లో తాగేది పక్క టౌను ప్లాంటు నుంచి వచ్చే టిన్ను నీళ్లు.

"పుట్టిందీ ఈడే, గెలిచిందీ ఈడే. నన్నే పరాయిదాన్ని చేసిందే మీ మిషను!" అని నవ్వింది సువార్తమ్మ. అందరూ నవ్వారు. టిన్ను కొనుక్కోగలిగిన వాళ్లు ఈ ఇళ్లకు రారులెమ్మని కాంచన ఆ సంగతి అక్కడితో వదిలేసింది.

మొదటి విడతలో పొరుగూళ్ల వాళ్లు కొందరు గుండు కొట్టించుకుని వచ్చారు. జుట్టు లేకపోతే పరీక్ష తప్పించుకోవచ్చనుకున్నారు. దాంతో కాంచన ఇంకో నిబంధన చేర్చింది. జుట్టు లేనివారిని తదుపరి విడతలో చూస్తారు. పరీక్షలో తప్పినవారు మూడేళ్లదాకా దరఖాస్తు పెట్టకూడదు. తదుపరి విడత ఎప్పుడో కమిషనర్‌కీ తెలియదు. స్థలం అయిపోయింది.

ఊళ్లో జానెడు జడంటే ఏడాదిన్నర అని లెక్క వచ్చింది. బ్యూటీ పార్లర్లు రెండు మూతపడ్డాయి. కోడళ్ల తలకు అత్తలే నూనె రాయసాగారు. "ఇల్లు నెత్తిన మోస్తన్నావు, జాగర్తమ్మే" అని రోడ్డుమీద ఆడవాళ్లను ఆడవాళ్లే ఆటపట్టించేవాళ్లు. ఇదంతా మస్తానమ్మకు ఎందుకు తెలియలేదో ఆ రోజు కాంచన అడగలేదు.

"మీరు వెళ్లండి. దువ్వెనలో ఒక్క వెంట్రుకైనా ఉంటుందేమో నేనొచ్చి చూస్తాను," అంది. శుక్రవారం కౌన్సిల్ తుది జాబితా ఖాయం చేస్తుంది. అది సోమవారం.

మస్తానమ్మ వాళ్లది రేకుల గది. సాయంత్రం కాంచన వెళ్లేసరికి తిరపతయ్య తోపుడు బండి చక్రం విప్పి నూనె పెడుతున్నాడు. అత్త అంకమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆమెకు జుట్టుంది.

"నాకు మొక్కు లేదు. నా నాలుగెంటికలు సామి మాత్రం ఏం చేసుకుంటాడు?" అంది కాంచన చూపు గమనించి. "తప్పు నాదేనంటంది నా కోడలమ్మ. మొక్కు ఆపుకుంటే ఇల్లు నిలవదని చెప్పా. అబద్ధమా?"

"ఇల్లొచ్చినాక తీర్చుకుంటే ఆయనేమన్నా పారిపోతాడా?" అంది మస్తానమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"అప్పుడు ఎగర్జేద్దామనుకున్నావు. నీ సంగతి నాకు తెలవదా?"

దువ్వెన కడిగి పెట్టారు. అందులో ఏమీ లేదు. దిండు గలీబులు ఉతికారు. కొండకు పోయొచ్చాక ఇల్లంతా కడిగామని మస్తానమ్మ చెప్పింది. కాంచన లేచి చెప్పులు వేసుకుంటోంది.

"అన్నీ కడిగింది, ఆ గోడలో దరిద్రం మాత్రం తియ్యలా," అంది అంకమ్మ. "దువ్వుకున్న జుట్టు ఇంట్లో దోపబాకే అంటే ఇనదు. స్టీలు గిన్నెలోడు వస్తాడంట, జుట్టు తూస్తాడంట, ఈమెకు గిన్నె ఇస్తాడంట!"

కాంచన ఆగింది. వాళ్లమ్మ కూడా చిక్కు జుట్టు చుట్టి గోడ సందులో దోపేది. సవరాలకు జుట్టు కొనేవాడు వీధిలో కేకేస్తే తీసుకెళ్లి ఇచ్చేది. ఏళ్ల తరబడి చూసిన పని. నిబంధన రాసేటప్పుడు గుర్తు రాలేదు.

తిరపతయ్య స్టూలెక్కి రేకుకీ గోడకీ మధ్య చెయ్యి పెట్టాడు. పిడికెడు ఉండ బయటికొచ్చింది. కాంచన దాన్ని కాగితం మీద విప్పింది. నడుం పొడుగు వెంట్రుకలు. దువ్వితే ఊడినవి కాబట్టి చివర కుదుళ్లున్నాయి. కుదురుంటే ఎవరిదో తేల్చొచ్చు. మస్తానమ్మను నోరు తెరవమని బుగ్గ లోపల దూది తిప్పి తీసుకుంది.

"బతికించావు తల్లీ," అంది అంకమ్మ. ఆ మాట కోడలితో అందో, కాంచనతో అందో, జుట్టుతో అందో తెలియలేదు.

"గిన్నెలోడు పోయిన వారమే వచ్చాడు," అంది మస్తానమ్మ. "సత్తు గిన్నె ఇస్తానన్నాడు. తిట్టి పంపిచ్చా."

బుధవారం జిల్లా ల్యాబు నుంచి కబురొచ్చింది. కుదురూ బుగ్గా ఒక్కరివే. కాంచన ఆ వెంట్రుకను గాజుపలక మీద పరిచి యంత్రంలో పెట్టింది. కాగితం మీద గీత బయల్దేరింది.

కుదురు దగ్గర గీత చెరువు నీళ్లది కాదు. కిందికి దిగి బల్లపరుపుగా నడిచింది. ఏదో ఊరి బోరు నీళ్లు. కొనవైపు పోయేకొద్దీ కాలం వెనక్కి నడుస్తుంది. కాస్త ముందుకెళ్లి గీత చెరువు గీతలో కలిసింది. చలికాలం, వానాకాలం చెరువు గీతతోనే నడిచింది. అంతకు ముందరి ఎండాకాలంలో విడిపోయి మళ్లీ బోరులోకి దిగింది. గుట్ట లేవాల్సిన చోట గుట్ట లేదు. దానికి ముందరి చలికాలంలో మళ్లీ చెరువు. అంతకు ముందు ఏడూ అంతే. కొనదాకా అంతే.

ఐదేళ్లలో ఒక్క వేసవి కూడా లేదు.

కాంచన ఫోన్ చేసి అడిగింది.

"ఎండాకాలం ఎక్కడుంటారమ్మా మీరు?"

"మిరపకోతలకి పోతాం మేడం, పల్నాడు. శివరాత్రికి ముందు పోయి తొలకరికి వచ్చేస్తాం. ఈసారీ పొయ్యొచ్చాం. ఎండాకాలం ఈడ పనేముంటది?"

"ఎన్నేళ్లుగా?"

"పెళ్లయిన కాడ్నించి. చేలో పట్టా కప్పుకుని ఉంటాం, పిల్లతో సహా." అవతల గిన్నెల చప్పుడు. "నా జుట్టు బాగుందా మేడం?"

"బాగుంది," అంది కాంచన.

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చుంది. ఈ గీత దాఖలు చేస్తే మస్తానమ్మ ఈ ఊరిది కాదు. మూడేళ్లదాకా దరఖాస్తు పెట్టకూడదు. దాఖలు చెయ్యకపోతే ఆమె జుట్టు లేని మనిషి. ఎప్పుడొస్తుందో తెలియని విడత కోసం కూర్చోవాలి. గుండు కొట్టించుకోవడం వల్లే ఆమె పేరు ఇంకా బతికి ఉంది.

తప్పినవాళ్ల గీతలు ఒక పెట్టెలో ఉన్నాయి. కాంచన పెట్టె తెరిచి కిటికీ దగ్గర ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులో చూసింది. పొరుగూళ్ల వాళ్ల గీతలు చెరువు గీతను ఎక్కడా తాకలేదు. వాటిని పక్కకు తీసేసింది. మిగిలినవి నూటికి పైగా ఉన్నాయి. అన్నీ ఎండాకాలానికి ముందు విడిపోయాయి. అన్నీ తొలకరికి కలిశాయి. వాటన్నిటి మీదా స్థానికేతరులు అని ముద్ర వేసి ఉంది. ఆ ముద్ర ఆమే వేసింది.

మర్నాడు కాంచన ఆ కట్ట తీసుకుని కమిషనర్ గదిలోకి వెళ్లింది. విద్యాసాగర్ రెండు గీతలు చూసి మూడోది చూడలేదు.

"వేసవులు లెక్కపెట్టమన్నది మీరే కదండీ?"

"గుట్ట తేలిగ్గా కనపడుతుందని రాశాను. యంత్రానికి ఏది సులువో చూశాను. వేసవిలో ఊళ్లో ఎవరుండగలరో చూడలేదు."

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"తిరిగొచ్చిన సార్లు లెక్కపెడదాం. ఐదేళ్లలో ఐదుసార్లు ఈ నీళ్లలోకి వచ్చి కలిసినవాళ్లు ఈ ఊరివాళ్లే."

"ఇళ్లు పెరగవుగా? అర్హులు పెరిగితే లాటరీ తియ్యాలి. ఇప్పుడు ఖాయమనుకుంటున్న వాళ్లలో కొందరికి పోతుంది. వాళ్లొచ్చేది మీ గుమ్మంలోకే."

"రానివ్వండి."

"ఆ ముద్ర వేసిన వాళ్ల మాటేమిటి?"

"వెతికి పిలిపించాలి."

విద్యాసాగర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "కౌన్సిల్లో మీరే చెప్పండి. నేను అడ్డం రాను. అంతకు మించి నన్నడక్కండి మేడం."

శుక్రవారం కౌన్సిల్ హాల్లో కాంచన మస్తానమ్మ పేరు చెప్పకుండా గీత ఒక్కటే తెరమీద చూపించింది. ఎక్కడ విడిపోయిందో, ఎక్కడ కలిసిందో పుల్లతో చూపించింది.

"ఏడాదికి నాలుగు నెల్లు లేనోడు ఊరోడెట్టా అవుతాడండీ?" అన్నాడు చైర్మన్. "చెరువెండి మేం చస్తంటే వాళ్లు ఇంకోచోట నీళ్లు తాగుతుంటిరి!"

వెనక వరసలోంచి సువార్తమ్మ లేచింది.

"ఎండాకాలం తమరు ఊటీ పోతారు గదా చైర్మన్ గారూ. ఓటు తీసేశారా?"

హాలు గొల్లుమంది. చైర్మన్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"నేను పోయేది వారం రోజులమ్మా."

"పని లేకపోతే వారం చాలుద్ది. కూలికి పోతే నాలుగు నెల్లు పడతది. ఇంకోటి చెప్తా ఇనండి. ఈ మిషను నా జుట్టు జూసి ఐదేళ్లలో ఒక్కరోజు గూడా ఈ ఊరిదాన్ని గాదంది. అయినా మీ పక్కనే కుర్చీ ఏసి కూర్చోబెట్టారు. ఆ యమ్మి అయిదుసార్లు తిరిగొచ్చింది. ఆమెకు గోడ గూడా ఇయ్యరా?"

చర్చ మధ్యాహ్నం భోజనాలదాకా సాగింది. భోజనాలు చల్లారుతున్నాయని ఎవరో అన్నారు. సవరణ ఆమోదించారు.

తప్పినవాళ్లను వెతకడానికి కాంచన మనుషులను పంపింది, తనూ తిరిగింది. ముద్ర పడిన నోటీసును అప్పట్లో ఎవరి తలుపుకు వాళ్లకే అంటించారు. దాన్ని చూసి వీధిలో వాళ్లు "మీది ఏ ఊరు?" అని అడగడం మొదలుపెట్టారట. కొందరు దొరికారు. కొందరి గదుల్లో వేరేవాళ్లున్నారు.

"వాళ్లెక్కడికి పోయారు?" అని కాంచన ఒక ఇంటాయనను అడిగింది.

"నాకేం తెలుసండీ? ఊరోళ్లు గాదని మీరే గదా తలుపుకి అంటిచ్చింది. ఖాళీ చేపిచ్చా," అన్నాడు ఆయన. తప్పు చేసిన మనిషిలా చెప్పలేదు. 

లాటరీ మున్సిపల్ స్కూలు ఆవరణలో తీశారు. మస్తానమ్మ పేరు వచ్చింది. జడలో ఐదు వేసవులూ ఉన్న అనసూయ అనే టైలరు పేరు రాలేదు. ఆమె మర్నాడు ప్రయోగశాలకు వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. జడ ముందుకు వేసుకుని కూర్చుంది.

"నా జుట్టేమన్నా అబద్ధం చెప్పిందా మేడం?"

"లేదమ్మా."

"ఇళ్ల మాటొచ్చిన కాడ్నించి కత్తెర పెట్టనియ్యలా మా అమ్మ. ఈ బరువుకి మెడ లాగతంది." జడ వెనక్కి వేసుకుంది. "ఇంక కత్తిరించుకోవచ్చా?"

ఉంచుకోమనడానికి గానీ కత్తిరించుకోమనడానికి గానీ కాంచన దగ్గర నిబంధన లేదు. తదుపరి విడత గురించి చెప్పింది. అనసూయ తలాడించి మెట్లు దిగిపోయింది.

పాలు పొంగించే రోజున మస్తానమ్మ పిలిచింది కానీ కాంచన వెళ్లలేకపోయింది. వెళ్లేసరికి చలికాలం వచ్చేసింది. కాలనీ హైవే అవతల, ఊరికి ఎడంగా ఉంది. మస్తానమ్మ వాళ్లది రెండో వరసలో మూడో ఇల్లు. గోడకు సున్నం కాక నీలం వేయించారు. గుమ్మానికి ఎండిన మామిడాకులు ఉన్నాయి. తిరపతయ్య బండి వేసుకుని ఊళ్లోకి పోయాడు. అంకమ్మ అరుగు మీద పొయ్యి ముందు కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

"మొక్కు ముందే తీర్చుకోమని చెప్పింది ఎవురమ్మా?" అంది కాంచనను చూడగానే. "నేను!"

"ఆ, నీవల్లే వచ్చింది," అంది మస్తానమ్మ. "మేడం, కూర్చోండి."

ఆమె జుట్టు నాలుగు వేళ్ల పొడుగు పెరిగి చెవుల మీద పడుతోంది. కూతురిది రెండు పిలకలు వెయ్యడానికి సరిపోయింది. శివరాత్రి దగ్గర పడుతోందని, ఈసారి పిల్లను ముసలామె దగ్గర వదిలి తామిద్దరే మిరపకోతలకు పోతామని మస్తానమ్మ చెప్పింది. రాత్రిళ్లు గడియ పెట్టుకోవడానికి గట్టి తలుపుందిగా అంది. లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

కాంచన ఒక గుక్క తాగి ఆపింది.

"చెరువు నీళ్లు కావే."

"చెరువు నీళ్లు యాడివి మేడం? పైపు హైవే దాటలా. వచ్చే ఏడంట. ఈ కాలనీకంతా బోరే. పొద్దుట్నించి కందిపప్పు ఉడకేస్తంది మా అత్త, ఇంకా రాళ్లల్లే ఉంది."

"రాళ్లే నయం," అంది అంకమ్మ విసురుతూ.

మస్తానమ్మ చెవిమీది జుట్టు వేలికి చుట్టుకుంది.

"అయితే ఇదంతా బోరు నీళ్ల జుట్టేగా? ఇప్పుడు దీన్ని మిషన్లో పెడితే నాది ఏ ఊరంటది?"

కాంచన గ్లాసు అరుగు మీద పెట్టింది. 

"ఈ ఊరు కాదంటుంది."

మస్తానమ్మకు నవ్వొచ్చింది. "బలే చేశారు. ఇల్లిచ్చి ఊరు లాక్కున్నారన్నమాట."

కాంచన సంచిలోంచి ఖాళీ సీసా తీసింది. ఎక్కడికి వెళ్లినా సంచిలో ఒకటి రెండు ఉంటాయి. వీధి కొళాయి దగ్గరికి నడిచి, నీళ్లు కాసేపు వదిలి, సీసా తొలిచి నింపి మూత బిగించింది. చీటీ అంటించి, పైన తేదీ వేసి, కింద తాళ్లవాగు అని రాసింది.

"ఏం రాశారు మేడం?"

"ఊరి పేరు. ఇక నుంచి ఈ నీళ్లు కూడా ఊరి నీళ్ల కిందే లెక్క. బీరువాలో వాటి పక్కన పెడతాను."

మస్తానమ్మ సీసా అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగున తెల్లగా పేరుకుంటోంది.

"పేరు రాస్తే పప్పుడకదు గదా మేడం," అంది.

కాంచన సంచిలోంచి రెండో సీసా తీసి కొళాయి కింద పెట్టింది. అది కమిషనర్ బల్లమీదికి.